డాట్ బంద్ చేసిన రోజు

మిర్యాలగూడ నుంచి కోదాడ వెళ్ళే దారిలో, పాలకీడు బండ్లబాట వచ్చి కలిసేచోట, ఒక వాగు మీద మూడు కానాల రాతి వంతెన ఉంది. కానా అంటే నీళ్ళు పోయే దారి. ఒక్కో కానా మీద ఒక్కో కమాను. మూడో కమాను నడినెత్తి మీది రాయి మిగతా రాళ్ళతో సమంగా ఉండదు. జానెడు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఈమధ్య రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలు తీసుకుంటున్న కుర్ర ఇంజనీర్లు దాన్ని చూసి నవ్వుకున్నారు. "పని తెలియని గుత్తదారెవడో కట్టి ఉంటాడు. ఆ రాయిని చెక్కేసి సిమెంటు పూద్దాం" అనుకున్నారు. నేను రోజూ చాయ్ తాగే హోటల్లోనే, నా ఎదుటి బల్ల దగ్గరే కూర్చుని ఆ మాట అని, లేచి వెళ్ళిపోయారు.

ఆ గుత్తదారు నేనే. పని నాకు బాగా తెలుసు. ఆ రాయి అలా ఎందుకుందో రాసిపెట్టకపోతే నేను పోయిన మర్నాడే దాన్ని చెక్కేస్తారు. దానితోపాటు కొందరు మనుషులు కలిసి గట్టిగా అన్న "కాదు" అనే మాట కూడా రాలిపోతుంది. అందుకని రాస్తున్నాను. ఇది సంజాయిషీ కాదు. నన్ను సంజాయిషీ అడిగే హక్కున్నవాళ్ళు ఆనాడూ లేరు, ఈనాడూ లేరు.

నేను కాలేజీలో చదివిన ఇంజనీరును కాను. సూర్యాపేటలో తాపీపని చేసేవాళ్ళ ఇంట్లో పుట్టాను. బడి చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. ఆ తర్వాతి చదువంతా మా ఊరి గ్రంథాలయంలో. పగలు రాళ్ళు, సాయంత్రం అక్షరాలు. పత్రికలు అయిపోయాక కథల పుస్తకాలు, అవీ అయిపోయాక బీరువా అడుగున ఎవరూ ముట్టని ఇంగ్లీషు పుస్తకాలు. వాటిలో ఒకటి, విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లాండులో కట్టడాలు కట్టిన ఒక కంట్రాక్టరు జీవితం. దానికి అట్ట లేదు. మొదటి పేజీలను చెదలు తిన్నాయి. అందువల్ల అతని పేరు నాకు నేటికీ తెలియదు. నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో వాక్యాన్ని బండరాయిని దొర్లించినట్టు దొర్లించి చదివాను.

అతనూ నాలాంటివాడే, వడ్రంగి కొడుకు. పట్టాలు లేకుండానే చర్చీలు, రేవు గోడలు, నీటి కాలువలు కట్టాడు. దివాలా తీశాడు, లేచాడు, మళ్ళీ దివాలా తీశాడు. పటం గీసిన ఇంజనీరు తప్పు గీస్తే మొహం మీదే చెప్పేవాడు. పని పోయేది. ఇంకోచోట మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ పుస్తకంలో నన్ను కట్టిపడేసింది అతను కమానుల కింది చట్రాన్ని దించే పద్ధతి. కమాను కట్టేటప్పుడు రాళ్ళు పడిపోకుండా కింద కర్రల చట్రం నిలబెడతాం. నడినెత్తిన చివరి రాయి పడ్డాక ఆ చట్రాన్ని తీసేయాలి. మన దగ్గర సమ్మెట దెబ్బలు వేసి ఊడదీసేవాళ్ళు. ఆ కుదుపుకు ఒక్కోసారి కమాను కూడా కిందికొచ్చేది. అతను చట్రం కాళ్ళ కింద ఇసుక నింపిన ఇనుప పీపాలు పెట్టేవాడు. పీపా అడుగున చిన్న బెజ్జం, బెజ్జానికి కర్ర బిరడా. బిరడా లాగితే ఇసుక సన్నగా కారుతుంది, చట్రం కుదుపు లేకుండా దిగుతుంది. అది చదివిన సాయంత్రం గ్రంథాలయం చూసుకునే పంతులుగారు తాళంకప్ప చేత్తో పట్టుకుని నా నెత్తిమీద నిలబడ్డా నేను లేవలేదు.

రజాకార్ల రోజులు పోయి, యూనియన్ సైన్యం వచ్చిన మరుసటి ఏడు ఎండాకాలంలో ఈ వంతెన పని నాకు దొరికింది. అంతవరకు ఇతరుల కింద మేస్త్రీగా చేసినవాణ్ణి. నా సొంత పేరు మీద తొలి సర్కారు పని ఇదే. ఇప్పించినది అప్పటి ఇంజనీరు సాబు. ఉర్దూ తప్ప మరో మాట రాని పెద్దమనిషి. గొడుగు కింద కుర్చీ వేసుకుని పాన్ నములుతూ నన్ను "కితాబీ కీడా" అని పిలిచేవారు, పుస్తకాల పురుగని. ఆ పేరుకు నేనేమీ బాధపడలేదు.

పెద్దమేస్త్రి తిరుమలగిరి మనిషి. నాకంటే చాలా పెద్దవాడు, అందరికీ మామ. సున్నం గానుగ నడిపే ఆమె వాగుకు ఎగువనున్న వాడలో ఉండేది. సున్నమూ ఇసుకా కలిపి ఎద్దుతో రాతి చక్రం తిప్పించి నూరేదే గానుగ. ఆమెను అందరం పెద్దమ్మ అనేవాళ్ళం. ఎద్దును ఒక్కమాట అనేది కాదు; ఎద్దుకు పెట్టాల్సిన తిట్లన్నీ మాకు పెట్టేది. ఆదివారం ప్రార్థనకు పోయి నోరు కట్టేసుకునేది కాబట్టి సోమవారం పొద్దున మేం ఆమె దగ్గరికి పోయేవాళ్ళం కాదు.

తారు పీపాలను కురచగా కోయించి, కోదాడ కమ్మరి దగ్గర ఇనుప కట్లు వేయించి, బండి మీద తెచ్చినప్పుడు మామ వాటి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఏంది పిల్లగా ఇవి? వంతెన కడ్తున్నవా, కల్లు దుకాణం పెడ్తున్నవా?"

"చట్రం కాళ్ళ కింద పెట్టాలె మామా. బుక్కుల రాసుంది."

"ఆ బుక్కు రాసినాయన మన వాగు సూసిండా?"

"సూడలే."

"మరి ఆయనకేం ఎరుక!" అని, చుట్ట ముట్టించుకుని, పీపాలను తానే కిందికి దింపించాడు. మామ ఎప్పుడూ అంతే. నోటితో వద్దనేవాడు, చేత్తో చేసేవాడు.

ఇక్కడ ఒక మాట సంగతి చెప్పాలి. మా మేస్త్రీలు కమానును డాట్ అంటారు. అది ఉర్దూ నుంచి వచ్చింది. చివరి రాయి పెట్టి కమానును పూర్తి చేస్తే "డాట్ బంద్ అయింది" అంటారు. అయిన రోజు బెల్లం పంచాలి, అదే ఆనవాయితీ. కసురుకోవడాన్ని కూడా ఉర్దూలో దాదాపు అలాగే అంటారు కనుక, పెద్దమ్మ తిట్టినప్పుడల్లా మామ "ఇయ్యాల్టి డాట్ అయింది, బెల్లమేది?" అనేవాడు.

రెండు కమానులు పూర్తయ్యాయి. మూడోదానికి రెండు పక్కల నుంచీ రాళ్ళు లేస్తున్నాయి. అప్పుడు ఇంజనీరు సాబుకు హైదరాబాదు బదిలీ అయింది. పోతూ పోతూ నా భుజం తట్టి, "బారిష్ సే పహ్లే డాట్ బంద్ కర్ దేనా" అన్నారు. వానలకు ముందే కమాను పూర్తి చేయమని. తన స్థానంలో వచ్చిన కొత్త ఇంజనీరు గారితోనూ అదే మాట చెప్పి జీపెక్కారు. కొత్తాయన తల ఊపారు.

కొత్త ఇంజనీరు గారు కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చిన కుర్రవాడు. తెలివైనవాడు, ఎవరి దగ్గరా చెయ్యి చాచనివాడు. ఆ సంగతి ముందే రాస్తున్నాను, ఆయన్ని చెడ్డవాడని ఎవరూ అనుకోకూడదు. కాని ఆ రోజులు వేరు. అడవుల్లో కమ్యూనిస్టు దళాలు, రోడ్ల మీద సైన్యం. మోరీల కింద, తూముల కింద మనుషులు దాక్కుంటారని, మందుపాతరలు పెడతారని అధికారులకు నిద్ర పట్టేది కాదు. ఆయన తొలిసారి పని చూడటానికి వచ్చి, గట్టు మీద నిలబడి, కానాల వైపు చూసి అడిగారు.

"ఇవింకా మూయలేదేమండీ?"

"ఏవి సార్?"

"ఈ కానాలండీ. వానలకి ముందే డాట్ బంద్ చేయాలని ఆయన మీతో చెప్పలేదూ?"

"చెప్పిండు సార్. రెండు పక్కలు కలిసినంక నడిమి రాయి ఒక్కటి పడితే బంద్ అయితది."

"ఒక్క రాయేంటండీ? మూడు కానాలకీ అడ్డంగా గోడ కట్టాలి. డాట్ అంటే బిరడా. సీసాకి పెడతామే, అది. నేను హిందీ పరీక్షలు ప్యాసైనవాణ్ణి. నాకు మీరు చెప్పక్కర్లేదు."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. బిరడానూ డాట్ అంటారు. నా ఇసుక పీపాల బిరడాలను కూడా మామ డాట్లనే పిలిచేవాడు. ఒక్క మాటకు రెండు అర్థాలు. వాటిలో ఆయన భయానికి సరిపోయే అర్థం ఆయనకు దొరికింది. ఇంతకుముందున్న పెద్ద ఇంజనీరే చెప్పి వెళ్ళాడన్న ధీమా కూడా తోడైంది.

"కానాలు మూస్తే నీళ్ళెటు పోవాలె సార్?" అన్నాను.

"రోడ్డు మీంచి పొర్లి పోతాయి."

"గంత ఎత్తుకు లేచేలోపల పైన వాడ మునుగుతది."

"వాళ్ళని కొన్నాళ్ళు ఎక్కడికైనా వెళ్ళమనండి."

గానుగ ఆగింది. పెద్దమ్మ కొంగు నడుముకు దోపుకుని దగ్గరికొచ్చింది. "యాడికి పోవాల్నో గది గూడ నువ్వే చెప్పు సారూ. మీ ఇంటికి రమ్మంటవా? కోళ్ళున్నయ్, మేకలున్నయ్, ఒక ముసలాయన ఉన్నడు. జాగ సాలుతదా?"

ఆయన మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగారు. "ఎల్లుండి వస్తాను. గోడలు లేచి ఉండాలి. లేవకపోతే మీరు ఎవరి పక్షమో నాకు అర్థమైపోతుంది."

ఇప్పటి పిల్లలకు ఆ మాట బరువు తెలియదు. ఆ ఏడు "ఎవరి పక్షం" అని ఒక అధికారి అడిగితే, ఆ తర్వాతి అడుగు నల్లగొండ జైలు. మా వైపు నుంచి అలా వెళ్ళి తిరిగి రానివాళ్ళు నాకు తెలుసు.

జీపు దుమ్ము అణిగాక మామ అన్నాడు, "ఒక్క కానా మూద్దాం పిల్లగా. ఆయన మనసు నిండుతది. మిగిలిన రెండిట్ల నీళ్ళు పోతయ్."

"ఒకటి మూస్తే రేపొచ్చి రెండోదెందుకు మూయలేదంటడు మామా. అయినా ఆయనడిగిందేంది? డాట్ బంద్ చేయమన్నడు. చేద్దాం. ఎల్లుండికల్లా డాట్ బంద్ చేసి, చట్రం తీసి సూపిద్దాం."

నా లెక్క ఇది. చట్రం కింద ఉన్నంతవరకు అది సగం పని. సగం పనిని ఎవరైనా ఏమైనా చేయవచ్చు. చట్రం కర్రల మధ్యనే రాళ్ళు పేర్చి మూయించవచ్చు. తన కాళ్ళ మీద తాను నిలబడ్డ వంతెనకు గోడ కట్టమనాలంటే కొంచెం గుండె ఉండాలి. ఆ గుండె ఆయనకుందో లేదో చూడాలనుకున్నాను.

మామ గడ్డం గోక్కున్నాడు. "నడిమి రాయి ఇంకా చెక్కలే. పొడుగున్నది."

"పొడుగుంటే బయటికి ఉండనీ. చెక్కుకుంట కూసుంటే ఎల్లుండికి కాదు."

"సున్నం పచ్చిగున్నది. ఇప్పుడు చట్రం తీస్తే కూల్తది."

"పచ్చిగున్నప్పుడే కొంచెం కొంచెం దించితే రాళ్ళు ఒకదాన్నొకటి సర్దుకుంటయ్. ఆరినంక దించితేనే పగుల్తది. బుక్కుల..."

"గది గూడ ఆ చెదలు తిన్న బుక్కేనా?"

"అదే."

"చెదలు తినంగ మిగిలిన కాయితంలనే ఉన్నదా ఆ ముక్క? నడుమ ఏమన్న తిన్నయేమో సూసుకున్నవా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాని నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది. అంతవరకు ఆ పద్ధతిని కాగితం మీద తప్ప ఎక్కడా చూడలేదు. మామ అనుభవం ఒక పక్క, పేరు తెలియని ఒక ఇంగ్లీషువాడి మాట ఒక పక్క. కూలితే నేను జైలుకు పోవడమే కాదు, పెద్దమ్మ వాడను ముంచే గోడ తప్పదు. కట్టింది కూలిన గుత్తదారు మాట ఎవరు వింటారు? అయినా నేను ఆ ఇంగ్లీషువాణ్ణే నమ్మాను. అతని పుస్తకం చదివినన్నాళ్ళూ అతనెక్కడా నాతో గొప్పలు చెప్పలేదు. పడిన కట్టడాల సంగతి కూడా రాసుకున్నాడు. పడినవి చెప్పినవాడు నిలబడినవాటి గురించి అబద్ధమాడడు.

మర్నాడు అందరం పట్టుపట్టి రాళ్ళు లేపాం. పొద్దు వాలేసరికి నడిమి రాయి దించాం. కూర్చుంది. జానెడు బయటికి ఉంది. మామ ఉలి తీయబోతే, సున్నం పచ్చిగా ఉండగా దెబ్బ పడకూడదని వద్దన్నాను.

ఆ మర్నాడు ఎండ ఎక్కుతుండగా జీపు వచ్చింది. ఈసారి ఇద్దరు జవాన్లతో. వాడలోని జనమంతా గట్టు మీద నిలబడి ఉన్నారు. ఇంజనీరు గారు దిగి, తెరిచి ఉన్న రెండు కానాలనూ, చట్రం ఉన్న మూడోదాన్నీ చూశారు.

"గోడలేవండీ?"

"మీ హుకుం అయింది సార్. డాట్ బంద్. అగో, ఆ రాయి సూడండి."

ఆయన తలెత్తి ఆ రాయిని చూశారు. పెద్దమ్మ పళ్ళెంతో ముందుకొచ్చింది. "నోరు తీపి చేసుకో సారూ."

"ఏంటిది?"

"బెల్లం. డాట్ బంద్ అయితే పంచుతం. మా తాతల కాడికెళ్ళి గిదే లెక్క. మోరీకి గోడ కడ్తే ఎవలన్న బెల్లం పంచుతరా సారూ? నువ్వే చెప్పు."

ఆయన తీసుకోలేదు. ఒక జవాను మాత్రం చెయ్యి చాచి ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ఎక్కడివాడో ఏమో, "డాట్ బంద్? బహుత్ అచ్ఛా" అన్నాడు. అతనికి మా అర్థమే తెలిసినట్టుంది.

నేను వాగులోకి దిగాను. మామ అవతలి కాళ్ళ దగ్గర, నేను ఇవతలి కాళ్ళ దగ్గర. "తియ్యి" అన్నాను. బిరడాలు లాగాం. ఇసుక కారడం మొదలైంది, పిండిమరలోంచి పిండి పడినట్టు. చట్రం కదిలింది. పైన రాళ్ళలో ఎక్కడో ఒక చిన్న చప్పుడు, వేలు విరిచినట్టు. గట్టు మీద ఎవరో అమ్మా అన్నారు. సున్నం చుక్క ఒకటి నా మెడ మీద పడింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. చట్రానికీ కమానుకూ మధ్య సన్నగా వెలుతురు కనిపించింది. మామ రాతికి చెవి ఆనించి విన్నాడు.

"నిలవడ్డది" అన్నాడు. తర్వాత నాకు మాత్రమే వినబడేలా, "మీ ఇంగ్లీషాయన మంచోడే పిల్లగా" అన్నాడు.

నేను గట్టెక్కి, చేతిలో ఉన్న కర్ర బిరడాను ఇంజనీరు గారి ముందు పట్టాను. "ఇగో సార్, మీ డాట్. ఇది తీస్తే అది నిలవడ్డది. మీ అర్థం, మా అర్థం, రెండూ అయిపోయినయ్. గోడ మాత్రం నేను కట్ట."

ఆయన ఆ బిరడాను తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో ఆయనకే తెలియదనుకుంటాను. తీసుకుని, మామ వైపు తిరిగారు. "మేస్త్రీ, నువ్వు కట్టు గోడ."

మామ వెనక రాళ్ళ గుట్ట ఉంది. వెళ్ళి దాని మీద కూర్చున్నాడు. "రాళ్ళయిపోయినయ్ సార్."

"మరి నువ్వు కూర్చున్న రాళ్ళేంటి?"

"ఇవి అలిసిపోయినయ్."

"సున్నం?" అని పెద్దమ్మను అడిగారు.

"సచ్చిపోయింది సారూ. పొద్దుగాలనే." నిజంగానే పాతబడ్డ సున్నాన్ని మేం చచ్చిన సున్నం అంటాం. కాని ఆ గానుగలోది అప్పుడే నూరినది, ఇంకా వేడిగా ఉంది.

ఎవరూ కదలలేదు. అంతమందిని జీపులో ఎక్కించలేరు కదా. నన్ను ఎక్కించారు. జీపు కదిలేటప్పుడు పెద్దమ్మ పరుగున వచ్చి మిగిలిన బెల్లమంతా గుడ్డలో మూటకట్టి నా ఒళ్ళో పడేసింది. అందులో సగం ఆ జవానే తిన్నాడు.

కోదాడలో ఒక బడి గదిలో ఉంచారు. కొట్టలేదు, మళ్ళీ మళ్ళీ అదే అడిగారు, నువ్వు ఎవరి పక్షమని. "వాగు పక్షం" అన్నాను. అది వాళ్ళకు నచ్చలేదు. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. కొన్ని రోజుల తర్వాత వాన పడింది. పెంకుల మీద చప్పుడు వింటూ ఆ గదిలో కూర్చున్నాను. ఏమీ తోచక బెల్లం మూటకట్టిన గుడ్డను విప్పి కట్టి, విప్పి కట్టి. వాన తెరిపిచ్చిన పొద్దున ఇంజనీరు గారు తానే వచ్చారు. బురదలో తడిసిన బూట్లతో గుమ్మంలో నిలబడ్డారు.

"వాగు వచ్చింది" అన్నారు.

"మూడు కానాల్లకెళ్ళి పారిందా సార్?"

"మూడింట్లోంచీ. గోడ కట్టడానికి ఎవరూ రాలేదు." గుమ్మం రాతికి బూటు బురద గీకారు. "వాడలోకి రాలేదు. మీరు వెళ్ళొచ్చండీ."

అంతే. తప్పయిందని ఆయనా అనలేదు, నేనూ అడగలేదు. పని మాత్రం నా చేతిలోంచి తీసేశారు. పైగోడలు, రోడ్డు పూత ఇంకొకరికి ఇచ్చారు. ఆ తర్వాత సర్కారు పని నాకు ఒక్కటీ రాలేదు. ఎవరు ఏ మాట రాసి పంపారో తెలియదు, తెలుసుకోవాలనుకోలేదు. మిర్యాలగూడలో బియ్యం మిల్లులు కట్టాను, ధాన్యం కోమట్ల గోదాములు కట్టాను, నిడమనూరులో ఒక బడి వరండా, వాగు ఎగువ వాడలో పెద్దమ్మ వాళ్ళ ప్రార్థనామందిరం కట్టాను. మందిరం గుమ్మానికి మాత్రం కమాను పెట్టాను. బంద్ అయిన రోజు బెల్లం పంచింది ఆమే. ఒక్క మాట విని ఊరుకుంటే నువ్వు పెద్ద గుత్తదారువయ్యేవాడివి అని బంధువులు ఎన్నిసార్లు అన్నారో. నేను పెద్ద గుత్తదారునే. నా వంతెన నిలబడి ఉంది.

తర్వాత వచ్చిన గుత్తదారు ఆ రాయిని చెక్కమని మామకు చెప్పాడట. మామ ఉలి మొండిదైందన్నాడట. ఇప్పుడు దానికి బర్రెలు కడుక్కునేవాళ్ళు అంగీలు తగిలించుకుంటారు. కూలికి పోయే ఆడవాళ్ళు సద్దిమూటలు వేలాడదీస్తారు. కుర్ర ఇంజనీర్లకు నేను చెప్పేది ఒక్కటే. రోడ్డు వెడల్పు చేయండి, సిమెంటు పూయండి, మీ పని మీరు చేసుకోండి. ఆ రాయి మీద ఉలి పెట్టేముందు ఎగువ వాడకు పోయి అడగండి. వాళ్ళు ఒప్పుకుంటే చెక్కండి. వాళ్ళు ఒప్పుకోరు.

చివరిగా, ఈ పనిలో నాకు తోడున్నవాళ్ళకు నమస్కారాలు. ఊళ్ళో వాళ్ళ పేర్లు రాస్తే వాళ్ళ పిల్లలకు ఇప్పటికీ ఇబ్బందేమోనని, మేం పిలుచుకున్న పేర్లే రాస్తున్నాను. తిరుమలగిరి మామకు. సున్నం పెద్దమ్మకు, ఆమె ఎద్దుకు. పీపాలకు కట్లు వేసిన కోదాడ కమ్మరి బాబాయికి. నెత్తిమీద నిలబడి కూడా దీపం ఆర్పని సూర్యాపేట పంతులుగారికి. నన్ను పుస్తకాల పురుగని పిలిచి పని ఇచ్చిన ఇంజనీరు సాబుకు. నా బెల్లం తిన్న జవానుకు. చెదలు పేరు తినేసినా మాట మిగిలిన ఆ ఇంగ్లీషు కంట్రాక్టరుకు.

కొత్త ఇంజనీరు గారికి కూడా. ఆ బిరడా ఆయన దగ్గరే ఉండాలి. తిరిగి ఇవ్వనక్కర్లేదు.